టేకు ఫ్రేముల మూలలకు లో-యాంగిల్ చిత్రిక: 12,000 రూపాయల్లో ఏది గిట్టుబాటు?

అలిపిరి_ఫ్రేములు:
సభ్యులందరికీ నమస్కారం. తిరుపతిలో మా ఇంటి మేడమీద చిన్న పనిగది పెట్టుకొని, శ్రీకాళహస్తి కలంకారీ బొమ్మలకూ దేవుడి పటాలకూ టేకు ఫ్రేములు కట్టి ఇస్తుంటాను. పట్టీలను 45 డిగ్రీలకు కోసి మూలలు కలిపినప్పుడు రంపపు గీతలు మిగిలిపోతున్నాయి, కలిసిన చోట సన్నటి సందు కనిపిస్తోంది. పాలిష్ వేసిన తర్వాత ఆ సందు నల్లటి గీతగా మారి మరింత కొట్టొచ్చినట్టు ఉంటోంది. కోసిన ముఖాన్ని లో-యాంగిల్ చిత్రికతో ఒకటి రెండు పొరలు తీస్తే ఈ బాధ తీరుతుందని చదివాను.

నా దగ్గర మన దేశంలో తయారైన 5 నంబరు ఇనుప చిత్రిక ఒకటి ఉంది. గాంధీ రోడ్డులోని హార్డ్‌వేర్ కొట్లలో అడిగితే కొయ్య చిత్రికలూ, 4, 5 నంబర్లూ చూపిస్తున్నారే తప్ప లో-యాంగిల్ రకం ఎవరి దగ్గరా లేదు. ఆన్‌లైన్‌లో చూస్తే అరచేతిలో ఇమిడే 60½ నంబరు చిత్రిక మొదలుకొని కెనడా, అమెరికా కంపెనీల పెద్ద చిత్రికల వరకు ధరల మధ్య పొంతనే కనిపించడం లేదు. 12,000 రూపాయలు దాటకుండా, కొన్న తర్వాత పశ్చాత్తాపపడకుండా ఉండాలంటే దేనిని ఎంచుకోవాలో పెద్దలు చెప్పగలరు.

చిత్తూరు_చెక్కపని:
సలహా చెప్పే ముందు కొన్ని సంగతులు తెలియాలి తమ్ముడూ. పట్టీ వెడల్పు, మందం ఎంత? కోత చేతి రంపంతోనా, మిషన్‌తోనా? బ్లేడుకు సాన దేనిమీద పడుతున్నారు? షూటింగ్ బోర్డు, అంటే చిత్రికను పక్కకు పడుకోబెట్టి నడిపే పలక, ఉందా? ఈ నాలుగో ప్రశ్నకు లేదని సమాధానం వస్తే, చిత్రిక సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మదనపల్లె_మాష్టారు:
అసలు ఈ లో-యాంగిల్ అన్నది ఎక్కడ ఉందో ముందుగా చూద్దాం, ఎందుకంటే డబ్బు ఎక్కడ పెట్టాలో తేలేది అక్కడే.

మీ 5 నంబరు చిత్రికలో బ్లేడు ఆనే గద్దె అడుగుభాగానికి 45 డిగ్రీల వాలులో ఉంటుంది, సాన పట్టిన వాలు కిందివైపుకు తిరిగి ఉంటుంది. అందువల్ల మీరు సాన 25 డిగ్రీలకు పట్టినా 30 డిగ్రీలకు పట్టినా కొయ్యను కోసే కోణం మాత్రం 45 డిగ్రీలే. లో-యాంగిల్ చిత్రికలో గద్దె వాలు సాధారణంగా 12 డిగ్రీలు, సాన వాలు పైకి ఉంటుంది. కాబట్టి ఆ రెండు కోణాలనూ కూడుకోవాలి. 12కు 25 కలిపితే 37 డిగ్రీలు. కొయ్య చివరి ముఖం మీద, అంటే నారను అడ్డంగా తెగ్గోసిన చోట, 45 కంటే 37 డిగ్రీలకు తోపు తేలికగా నడుస్తుంది, నార నలగకుండా తెగుతుంది.

అయితే అంగట్లో ఈ మాట ఒక్కటే చెప్పి అమ్ముతుంటారు. నిజానికి ఈ నిర్మాణంలోని అసలు సౌకర్యం వేరు. అదే చిత్రికలో 38 డిగ్రీల సాన ఉన్న బ్లేడు పెడితే 50 డిగ్రీలు, 50 డిగ్రీల బ్లేడు పెడితే 62 డిగ్రీలు అవుతుంది. చిత్రిక ఒక్కటే, బ్లేడు మారితే స్వభావం మారిపోతుంది. ఈ సౌకర్యం మీకు అవసరమా కాదా అన్నదాన్ని బట్టే ఏది గిట్టుబాటో చెప్పగలం.

స్టాన్లీ కంపెనీ 62 నంబరుతో 14 అంగుళాల లో-యాంగిల్ జాక్ చిత్రికను (రెండు చేతులతో తోసే మధ్యస్థ పొడవు చిత్రికను) 1905లో తెచ్చింది. నేడు అమెరికాలో లై-నీల్సన్, చైనాలో లూబాన్ తయారుచేస్తున్న 62లు ఆ పాత నమూనానుంచి వచ్చినవే. కెనడా వారి వెరిటాస్ మాత్రం నమూనాను తమదైన తీరులో మార్చుకుంది. పాత స్టాన్లీ 62లో పెద్ద లోపం ఒకటి ఉండేది. 12 డిగ్రీల వాలు వల్ల నోటి దగ్గర, అంటే అడుగున బ్లేడు బయటికి వచ్చే సందు దగ్గర, ఇనుము బాగా పలచబడుతుంది, ఆ రోజుల పోత ఇనుము పెళుసు, దాంతో అక్కడ పెచ్చు ఊడిపోయేది. లై-నీల్సన్ వారు సాగే గుణమున్న డక్టైల్ ఇనుము వాడేది అందుకే. పాత సామాన్లలో 62 దొరికితే ముందుగా భూతద్దంతో నోరు చూడండి.

అలిపిరి_ఫ్రేములు:
చిత్తూరు అన్నగారికి: పట్టీలు రెండు అంగుళాల వెడల్పు, ముప్పాతిక అంగుళం మందం. కోత చేతి రంపంతోనే, మైటర్ బాక్సులో (రంపాన్ని 45 డిగ్రీలకు నడిపే గాళ్ల పెట్టెలో) పెట్టి కోస్తాను. సాన కొట్టులో కొన్న రెండు వైపుల నూనె రాయి మీద. షూటింగ్ బోర్డు లేదు.

మాష్టారు గారికి ధన్యవాదాలు. కూడిక లెక్క ఇంత సూటిగా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

పుత్తూరు_పనిముట్లు:
నా ఓటు 60½ బ్లాక్ చిత్రికకే. ఆరు అంగుళాల పొడవు, ఒక చేతిలో ఇమిడిపోతుంది, నోరు ఇరుకు చేసుకోవచ్చు, బడ్జెట్‌లో సగం కూడా ఖర్చు కాదు. తలుపు రెక్క అంచు దిద్దడం, సొరుగు బిగుసుకుంటే ఒక పొర తీయడం, పదునుగా ఉన్న అంచులు కాస్త మొద్దు చేయడం వంటి పనులు ఇంట్లో రోజూ ఉంటాయి. నేను పెద్ద చిత్రికను వారాలపాటు తాకను గాని, బ్లాక్ చిత్రిక మాత్రం జేబులోనే తిరుగుతుంటుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చవకగా వస్తోందని ఒక పేరూ ఊరూ లేని నకలును తెప్పించాను. పెట్టె మీద బొమ్మ చూస్తే అన్నీ సరిగ్గా ఉన్నట్టే అనిపించింది. బ్లేడు బిగించి తోస్తే గడగడమని వణుకుతూ కొయ్య మీద మెట్లు మెట్లుగా గీతలు పెట్టింది. విప్పి చూస్తే గద్దె మీద రంగు గడ్డలు గడ్డలుగా ఉంది, బ్లేడు వెనుక ఒక్క చోట మాత్రమే ఆనుతోంది. ఆకురాయితో ఎంత గీకినా నోటి దగ్గరి ఎత్తు సమం కాలేదు. పంపినవారు జవాబు కూడా ఇవ్వలేదు. గ్రోజ్, స్టాన్లీ వంటి తెలిసిన పేర్లలో కూడా కొంత సాపు చేసుకోవలసి ఉంటుంది గాని, అది సాపు చేసుకోగలిగిన పని.

చిత్తూరు_చెక్కపని:
పుత్తూరు అన్న చెప్పినవన్నీ ఇంటి పనులకు నిజమే. కాని ఈ తమ్ముడు అడుగుతున్న పని వేరు. రెండు అంగుళాల పట్టీని 45 డిగ్రీలకు కోస్తే ముఖం దాదాపు 2.8 అంగుళాలు అవుతుంది. దానిని చేతిలో పట్టుకొని బ్లాక్ చిత్రికతో దిద్దబోతే ఒక వైపు పల్లం, మరో వైపు ఎత్తు ఖాయం. ఒక మూలలో అర డిగ్రీ తేడా వచ్చినా ఫ్రేము చుట్టూ నాలుగు మూలలకు ఎనిమిది కోతలు, ఆ తేడాలన్నీ వచ్చి చివరి మూలలో కూర్చుంటాయి.

అందుకే షూటింగ్ బోర్డు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక మీద దానికంటే తక్కువ వెడల్పున్న మరో పలక అతికిస్తే పక్కన ఒక మెట్టు ఏర్పడుతుంది. చిత్రిక ఆ మెట్టు మీద పక్కకు పడుకొని నడుస్తుంది. పై పలకకు 45 డిగ్రీల కట్టెను రెండు మేకులతో కాక మరలతో బిగించాలి, ఎందుకంటే దానిని దిద్దుకోవలసి వస్తుంది. పట్టీని ఆ కట్టెకు అదిమి పట్టి చిత్రికను తోస్తే చాలు, కోణం చేతిది కాదు, బోర్డుది.

ఇప్పుడు అసలు మాట. ఈ పనిలో చిత్రిక అడుగుకు పక్కభాగం కచ్చితంగా 90 డిగ్రీలు ఉండాలి, బరువు ఉండాలి, బ్లేడు పదునుగా ఉండాలి. గద్దె వాలు 12 డిగ్రీలా 45 డిగ్రీలా అన్నది నాలుగో స్థానంలో వస్తుంది. బ్లాక్ చిత్రిక బరువు ముప్పాతిక కిలో ప్రాంతంలో ఉంటుంది, గట్టి టేకు తగలగానే మధ్యలో ఆగిపోతుంది. మీ 5 నంబరు రెండు కిలోలు దాటుతుంది, వేగం అందుకుంటే ఆగదు. ముందు దానిని బోర్డు మీద పెట్టి చూడండి. ఏమీ కొనకుండానే పని జరిగిపోవచ్చు.

కుప్పం_కార్ఖానా:
వెరిటాస్ లో-యాంగిల్ జాక్ వాడుతున్నవాడిగా నాలుగు మాటలు. 15 అంగుళాల పొడవు, రెండుంపావు అంగుళాల బ్లేడు, బరువు రెండున్నర కిలోలకు పైనే. బ్లేడు మందం దాదాపు 4.8 మిల్లీమీటర్లు. మామూలు 5 నంబరు బ్లేడు రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి తేడా చేతికి వెంటనే తెలుస్తుంది, గట్టి కొయ్య మీద కూడా వణుకు ఉండదు. లోతునూ, పక్కవాలునూ (బ్లేడు ఒక పక్కకు ఒరగడాన్ని) ఒకే మరతో సరిచేసుకోవచ్చు. లై-నీల్సన్ 62లో పక్కవాలు సరిచేసే మీట లేదు, బ్లేడును చిన్న సుత్తితో తట్టి సరిచేసుకోవాలి. అలవాటైతే అదేమీ కష్టం కాదు.

అయితే ఇవి రెండూ మీ బడ్జెట్‌లో రావు. పైగా మనం చూసేది డాలర్లలో ఉన్న ధర. దానికి రవాణా, సుంకం, కొరియర్ వారి రుసుము కలిస్తే కళ్లు తిరుగుతాయి. బంధువులెవరైనా వస్తుంటే చెక్-ఇన్ సామాన్లలో పెట్టి తెమ్మనవచ్చు. చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలోనే ఆగిపోతుంది.

నేను కొన్నది బల్లలూ, తలుపులూ చేయడానికి, మాష్టారు చెప్పిన 25, 38, 50 డిగ్రీల మూడు బ్లేడులూ వాడతాను. ఫ్రేముల మూలలకోసం మాత్రమే అయితే అంత డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. చైనాలో చేసిన 62 రకం జాక్‌లు మన దేశంలో అమ్మేవారి దగ్గర కూడా దొరుకుతున్నాయి, ధర మీ లెక్కకు అందుతుందేమో అడిగి చూడండి. లూబాన్ అంటే మన విశ్వకర్మలాగా చైనా వడ్రంగులు కొలుచుకొనే పాతకాలపు శిల్పి పేరు. పేరుకు తగ్గట్టు ఇనుము పని శుభ్రంగానే ఉంటుందని నా అభిప్రాయం.

ఏర్పేడు_శిల్పం:
నాదొక పక్క ప్రశ్న, మన్నించాలి. మాది మాధవమాలకు దగ్గరి ఊరు. అనుమతి పత్రాలతో కొన్న ఎర్రచందనం ముక్కలకు బొమ్మ చెక్కే ముందు ముఖాలు చదును చేసుకోవాలి. వేప చెక్కలతో కూడా పీఠాలు చేస్తాను. రెండింటిలోనూ చిత్రిక పడితే పెచ్చులు లేస్తున్నాయి. లో-యాంగిల్ అయితే నున్నగా వస్తుందని ఒకరు చెప్పారు. నిజమేనా?

మదనపల్లె_మాష్టారు:
సరిగ్గా తలకిందులు చెప్పారండీ. ఈ అపోహ ఇక్కడే తీరిపోవాలి కాబట్టి పక్క ప్రశ్న అనుకోవద్దు.

వేప, ఎర్రచందనం, ఇరుగుడు వంటి కొయ్యల్లో నార ఒక పొరలో ఇటూ, మరో పొరలో అటూ అల్లుకొని ఉంటుంది. అందువల్ల ఏ వైపు నుంచి తోసినా కొంత భాగం ఎదురు నార అవుతుంది. 37 డిగ్రీల బ్లేడు అక్కడ ఆప్పులాగా పనిచేస్తుంది, నారను కోయకముందే పైకి చీలుస్తుంది. కోణం పెరిగేకొద్దీ చీల్చడం తగ్గి గీకడం ఎక్కువవుతుంది. కాబట్టి మీకు 55 నుంచి 62 డిగ్రీలు కావాలి. లో-యాంగిల్ చిత్రిక మీకూ పనికివస్తుంది, కాని 25 డిగ్రీల బ్లేడుతో కాదు, 45 లేదా 50 డిగ్రీల సాన పట్టిన బ్లేడుతో. అప్పటికీ మొండికేసిన చోట స్క్రేపర్ పలకతో (పలచటి ఉక్కు రేకుతో) గీకడమే మార్గం. కొత్తగా ఏమీ కొనకుండా చేయాలంటే, ఉన్న 4 నంబరు బ్లేడు చదును వైపున సన్నగా 10 డిగ్రీల వాలు పడితే కోసే కోణం 55 అవుతుంది. ఆ బ్లేడును దానికే ప్రత్యేకించుకోవాలి.

సాన వాలు పైకి ఉండే చిత్రికల్లో ఎవరూ ముందుగా చెప్పని ఇబ్బందులు రెండు ఉన్నాయి. బ్లేడు మూలలు కొయ్య మీద గీతలు పెట్టకుండా అంచును కొద్దిగా వంపుగా సాన పడతాం గదా. 45 డిగ్రీల గద్దెలో పనికివచ్చే వంపు 12 డిగ్రీల గద్దెలో కనిపించకుండా పోతుంది, అదే ఫలితానికి దాదాపు మూడున్నర రెట్ల వంపు పట్టాలి. షూటింగ్ బోర్డు పనికి అంచు వంపు లేకుండా తిన్నగానే ఉండాలి కాబట్టి అలిపిరి వారికి ఈ బాధ లేదు. రెండోది, బ్లేడు కింది ముఖానికీ కొయ్యకూ మధ్య ఎడం 12 డిగ్రీలే. అరుగుదల ఆ చదును ముఖం మీదే పడుతుంది. పై వాలుకు మాత్రమే సాన పట్టి, పదును వచ్చిందనుకొని ఊరుకొంటే రెండు తోపులకే మొద్దుబారినట్టు అనిపిస్తుంది. వెనుక ముఖం మీది అరుగుదల పోయేవరకు పట్టవలసిందే. టేకులో ఇసుక వంటి సిలికా ఉంటుంది, బ్లేడును త్వరగా తింటుంది, అందుచేత ఈ పని మీకు తరచుగానే వస్తుంది.

రేణిగుంట_రాత్రిపని:
ఉక్కు రకాల గురించి ఎవరైనా చెబుతారా? ఎ2, ఓ1, టి10, పీఎం-వీ11 అని నాలుగు రకాలు రాస్తున్నారు. ఖరీదైనది కొంటే సాన తగ్గుతుందా?

కుప్పం_కార్ఖానా:
కొంత తగ్గుతుంది. ఓ1 ఉక్కుకు అతి సన్నటి పదును తేలికగా వస్తుంది, త్వరగా పోతుంది. ఎ2 ఎక్కువసేపు నిలుస్తుంది గాని 25 డిగ్రీలకు పడితే అంచులో కంటికి కనపడని పెచ్చులు ఊడతాయి, 30 దాకా పోతేనే నిలకడ. అప్పుడు 12కు 30 కలిపి 42 అయిపోయింది, లో-యాంగిల్ అని కొన్నదంతా మూడు డిగ్రీల తేడాకు వచ్చింది. పీఎం-వీ11 పొడి లోహంతో చేసిన ఉక్కు, వెరిటాస్ వారిది, 25 డిగ్రీలకు కూడా బాగానే నిలుస్తుంది, ధర కూడా అలాగే ఉంటుంది. టి10 చైనా చిత్రికల్లో వస్తుంది, గుణంలో ఓ1కు దగ్గర. ఫ్రేముల పనికి ఓ1 లేదా టి10 చాలు.

చిత్తూరు_చెక్కపని:
ఏది కొన్నా సరే, పెట్టె విప్పిన రోజే పరీక్షించాలి, తిరిగి పంపే గడువు ఉన్నప్పుడే. మూలమట్టాన్ని అడుగుకూ పక్కకూ ఆనించి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. నోటికి ముందు, నోటి దగ్గర, వెనుక, మూడు చోట్లా వెలుగు గీత రాకూడదు. రెండు పక్కలూ చూడండి, ఒక పక్క సరిగ్గా ఉన్నా షూటింగ్ బోర్డుకు చాలు. ఆ తర్వాత బ్లేడు వెనుక ముఖానికి నల్ల మార్కర్ పూసి, గద్దె మీద పెట్టి, బిగించి, ఒక వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరిపి విప్పండి. గద్దె మీద నలుపు అంటిన చోట్లే బ్లేడు ఆనుతున్న చోట్లు. నోటి అంచు వెంబడి ఒక చివరినుంచి మరో చివరి దాకా నలుపు కనిపిస్తే మంచి చిత్రిక. వెనుక మాత్రమే అంటి, నోటి దగ్గర ఇనుము మెరుస్తూ ఉంటే తిరిగి పంపించండి, బేరం ఎంత చవకైనా సరే. లోతు మర వెనక్కి తిప్పినప్పుడు ఒకటి రెండు చుట్లు ఊరికే తిరగడం లోపం కాదు.

అడుగు పూర్తిగా అద్దంలా ఉండాలని పట్టుబట్టనక్కరలేదు. ముందు కొస, నోటి ముందు అంచు, వెనుక కొస ఈ మూడూ ఒకే మట్టంలో ఉంటే మధ్యలో కాస్త పల్లం ఉన్నా పనికి అడ్డు రాదు.

అలిపిరి_ఫ్రేములు:
అన్నగారు చెప్పినట్టే ప్లైవుడ్‌తో షూటింగ్ బోర్డు చేసి, 5 నంబరుతో ప్రయత్నించాను. దాని ఎడమ పక్క మూలమట్టానికి సరిగ్గా నిలిచింది, కుడి పక్కన వెలుతురు కనిపించింది. ఎడమ పక్కను పడుకోబెట్టి లాగడానికి వీలుగా బోర్డును తిరగేసి కట్టుకున్నాను. గాజు కొట్టులో 10 మిల్లీమీటర్ల అద్దం ముక్క కొని, కారు రంగుల కొట్టులో దొరికే వాటర్ పేపర్ 400, 1000, 2000 రకాలు దాని మీద అంటించి బ్లేడుకు సాన పట్టాను. టేకు చివరి ముఖం మైనం పూసినట్టు మెరిసింది. సందు దాదాపు పోయింది.

అయితే తోయడానికి బలం బాగానే పట్టింది, ఎడమచేతి వాటం నాకు కుదరలేదు, ఎక్కువ ఫ్రేములు ఉన్న రోజు భుజం చెబుతోంది. కాబట్టి బోర్డుకోసమే ఒక లో-యాంగిల్ జాక్ తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. చైనా వారి 62 రకాన్ని, టి10 బ్లేడుతో, మన దేశంలోనే అమ్ముతున్న కొట్టు నుంచి, తిరిగి తీసుకుంటామని రాసి ఇచ్చిన తర్వాత తెప్పిస్తాను. బ్లాక్ చిత్రిక ఇప్పుడు వద్దు.

పుత్తూరు_పనిముట్లు:
మీ పనికి అదే సరి. నా 60½ను మాత్రం నేను వదిలిపెట్టను. బోర్డు మీద నడిచే చిత్రికకు కొవ్వొత్తి మైనం అడుగునా పక్కనా ఒక గీత గీస్తే సగం బలం కలిసివస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వాన గాలి కదా, మేడమీది గదిలో ఇనుము రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. పని కాగానే కుట్టుమిషన్ నూనె తడిపిన గుడ్డతో తుడవండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురు కడుతుంది.

ఏర్పేడు_శిల్పం:
మాష్టారు గారూ, వేప పీఠం మీద 4 నంబరు బ్లేడుకు 10 డిగ్రీల వాలు పట్టి చూశాను. పెచ్చులు చాలావరకు తగ్గాయి, తోపు మాత్రం బరువైంది. నేను కూడా 62 తీసుకుంటే, 5 నంబరు పాత బ్లేడును దానిలో రెండో బ్లేడుగా వాడుకోవచ్చా? రెండూ రెండు అంగుళాల వెడల్పే కదా.

మదనపల్లె_మాష్టారు:
తోపు బరువెక్కడం సహజమే, పొర మందం తగ్గించి తీయండి. బ్లేడు మాత్రం పనికిరాదు. వెడల్పు కలిసినా మందం తక్కువ, పైగా లోతు మర పట్టుకొనే గాడి వేరే చోట ఉంటుంది. అమ్మేవారినే అదే నమూనా విడి బ్లేడు ఇస్తారేమో ముందుగా అడిగి, ఇస్తామంటేనే చిత్రిక కొనండి. విడి బ్లేడు దొరకకపోతే మీ ఎర్రచందనం పనికి ఆ 62 సగమే ఉపయోగపడుతుంది.